మిద్దె మీద గంజి బేసిను

పాత సామాన్లు కొనే మనిషి ఆ పూట మా వీధికి రాకపోయి ఉంటే నేను ఇదంతా రాసి ఉండేదాన్ని కాదు. మిద్దె కారుతోందని పైకెక్కిన పనివాళ్లు అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తనంతా కిందికి విసిరారు. విరిగిన రాట్నం, ఇనుప మంచం కోళ్లు, పగిలిన కుండలు, వాటి మధ్యలో ఒక వెడల్పాటి అల్యూమినియం బేసిను. దాని నడిమధ్యలో బొక్క, ఆ బొక్కలో తుప్పు పట్టిన బోల్టు. ఆ మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందక్కా ఇది? బేసినికి ఎవురన్నా నడిమధ్యన బొక్క పొడుస్తారా? మీ ఇంట్లో శానా తెలివైనోళ్లు ఉన్నట్టుండారే" అని నవ్వాడు. నాకు చర్రున కోపం వచ్చింది. అతని తప్పేముంది పాపం, బొక్కపడిన బేసినును చూస్తే ఎవరైనా నవ్వుతారు. "నీకెందుకప్పా, ఆడ పెట్టు దాన్ని" అన్నాను. "ఒట్టి రేకు గదక్కా" అన్నాడు. అతని చేతిలోంచి లాక్కున్నాను. పది మందికి పాఠాలు చెప్పే పంతులమ్మను, వీధి వీధంతా చూస్తుండగా ఆ బేసినును చంకన పెట్టుకుని ఇంట్లోకి వచ్చేశాను.

లోపల మా అమ్మ మంచం మీద కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. "ఏందిమే అది?" అంది. "ఏం ల్యాదమ్మా, పాత గంజి బేసిను" అన్నాను. "గంజి పెట్టేటోళ్లు ఎవురుండారు ఇప్పుడు, పారేయ్" అని మళ్లీ చెనిక్కాయల్లో పడింది. బొక్క పడ్డాక ఆ బేసినును ఆమె ఎప్పుడూ చూడలేదు. అది మా మిద్దె మీద పనిచేసిన రోజుల్లో ఆమె సముద్రం అవతల కువైట్‌లో ఉంది. ఎవరి కోసమైతే దాన్ని చేశామో ఆ మనిషికే అదేమిటో తెలియదు. నేను బేసినును ఆమె మంచం కిందికి తోశాను.

మాది మగ్గాల వీధి. రాయచోటి వైపు పోయే రోడ్డు దిగి, కంపచెట్ల మధ్య నుంచి నడిచి వస్తే వానొస్తే తప్ప పారని వంక, దానికి ఇవతల వరసగా మట్టి మిద్దెలు. ఇప్పుడంటే సగం ఇళ్లకు తాళాలు గానీ, నా చిన్నతనంలో వీధి మలుపు తిరగకముందే మగ్గాల చప్పుడు వినిపించేది. ఏ మగ్గం ఎవరిదో చప్పుడు విని చెప్పేవాళ్లం. మా తాత మగ్గం నిదానంగా, ఒక్క తీరుగా నడిచేది. మా నాయనది తొందర మగ్గం. తాతకు మా అమ్మ ఒక్కతే బిడ్డ, అందుకని నాయన ఇల్లటం వచ్చాడు. ఇల్లటపు అల్లుడికి ఇంట్లో నోరుండదు అంటారు కదా, మా నాయన ఆ మాటను చివరిదాకా నిలబెట్టాడు. మామ ఒక మాటంటే తల గుంత మగ్గంలోకి ఇంకాస్త వంచేవాడు. తాత మాత్రం నోరు తెరిస్తే మూసేవాడు కాదు. నూలు ఇచ్చే షావుకారును, వాన రాని ఆకాశాన్ని, తెగిన దారాన్ని, అన్నింటినీ ఒకే వరసలో తిట్టేవాడు. పడుగు మీదకు వంగి, దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసి, "గంజి సాల్లేదే ముసిల్దానా" అని కేకేసేవాడు. వంటింట్లోంచి మా అవ్వ, "నీ నోటికి పెట్టాల గంజి" అనేది. దారం తెగకుండా పట్టించే ఆ గంజిని బేసినులో కలిపేవాళ్లు. తెల్లవారితే ఇంటి నిండా ఉడికిన గంజి వాసన, తడినూలు వాసన. ఇప్పటికీ అన్నం వార్చేటప్పుడు ఆ ఆవిరి మొహానికి తగిలితే నాకు తాత తిట్లు వినిపిస్తాయి.

ఇద్దరి మగ్గాలూ కలిపి నేసినా ఇల్లు గడవని కాలం వచ్చింది. మా పక్క ఊళ్లలో ఇంటికొకరు అప్పటికే కువైట్‌లో ఉన్నారు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి. నేను డిగ్రీలో చేరిన ఏడాది అమ్మ కూడా పోయింది. పోయేటప్పుడు తాత ఆమె మొహం చూడలేదు, మగ్గంలోంచి లేవలేదు. "పోయినోళ్లు పోతారు, రండి అంటే వస్తారా" అని నాడెను పడుగులో అటూ ఇటూ విసురుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మాత్రం భోజనం చేయకుండా ఫోను దగ్గర కూర్చునేవాడు. ఆమెకు ఆ ఒక్కపూటే తీరిక. తాత ఫోనులో మాట్లాడేవాడు కాదు, అరిచేవాడు. కువైట్ దూరం కాబట్టి గట్టిగా అరవాలని ఆయన లెక్క. "తింటాండావా మే? అన్నం పెడతాండారా?" అని అరిస్తే వీధి చివరి ఇంటివాళ్లకు కూడా మా అమ్మ యోగక్షేమాలు తెలిసేవి.

ఆ గొంతు ఒక ఎండాకాలం ఉదయం పోయింది. మగ్గంలోనే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు అన్నీ పడిపోయాయి. రాయచోటి ఆసుపత్రికి తీసుకుపోయి తెచ్చేసరికి ఆ కుదుపులకు ఆయన పడిన యాతన చూడలేక అవ్వ, "ఇంక ఈ మనిషిని యాడికీ కదిలించేది ల్యాదు" అని ఒట్టు పెట్టుకుంది. ఎడమచెయ్యి ఒక్కటే మిగిలింది. ఆ చేత్తో పగలంతా దుప్పటి అంచును నలుపుతూ ఉండేవాడు.

శుక్రవారం ఫోను వచ్చింది. అమ్మకు సంగతి చెప్పాం. ఏడ్చింది, తేరుకుంది, "నాయనకియ్యండి" అంది. తాత చెవి దగ్గర పెట్టాం. ఆమె పిలుస్తోంది, ఈయన గొంతులోంచి గరగరమని శబ్దం తప్ప ఏమీ రావడం లేదు. "నాయనా, ఏమన్నా అను నాయనా, తిట్టన్నా తిట్టు" అని ఆమె బతిమాలుతోంది. తాత కళ్లలోంచి నీళ్లు చెవిలోకి కారాయి. నేను ఫోను తీసేసుకున్నాను. అప్పుడంది అమ్మ, "పాపా, మాట ల్యాకపోతే పోనీ. ఒక్కసారి నాయన మొగమన్నా సూపించండే నాకు. ఈడ మేడమ్మ కూతురు శానా మంచిది, శుక్రవారం నా కోసరం కంప్యూటర్ పెడతానంటాండాది. మీరు ఆ పక్క పెడితే సాలు." రెండేళ్ల ఒప్పందం పూర్తికాకుండా వాళ్లు ఆమెను పంపరు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉంది. ఆమె అడిగింది అంతే, తండ్రి మొహం. అది కూడా చూపించలేకపోతే మేం ఉండి ఎందుకు?

కువైట్ నుంచి వచ్చిన వాళ్ల చేతికిచ్చి ఆమె నా చదువు కోసం పంపిన ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. లేనిది ఇంటర్నెట్. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే అర్థం కాదు. ఇప్పుడు మా వీధిలో కోడి గుడ్డు పెట్టినా కువైట్‌కు వీడియో పోతుంది. పొయ్యి మీది కూరను ఫోనులో చూసి, నీళ్లెక్కువయ్యాయని అక్కడి నుంచే పెళ్లాన్ని తిట్టే మొగుళ్లున్నారు. అప్పుడు మా ఊర్లో ఫోనులో నెట్ అంటే చక్రం తిరుగుతూ ఉండటమే. ఊరు మొత్తానికి తీగ కనెక్షన్, దానికి తగిలించిన వైఫై ఉన్నది వంక అవతల రత్నం సారు ఇంట్లో. ఆయన చర్చి పక్క బడిలో లెక్కల మాస్టరు, నాకు కూడా చదువు చెప్పాడు. అడగ్గానే, "దానికేముందమ్మా, తాతను ఈడికి పిలుచుకొని రాండి, మా నడింట్లో మంచమేస్తా" అన్నాడు.

పిలుచుకొని రావడం ఎలా? మా సందులోకి ఆటో రాదు. రోడ్డు చుట్టు తిరిగి పోవాలన్నా సందు చివరిదాకా మోయాల్సిందే. సారు ఇంటికి దగ్గర దారి వంకలోంచి. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మగవాళ్లు ఎత్తితే అయిపోతుంది కదా అనుకున్నాను నేను, చదువుకున్నదాన్ని కాబట్టి. ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, అవ్వ చేతిలోని చేటను నేలకేసి కొట్టింది. "నీ నోరు పడిపోనూ! బతికున్న మనిషిని నలుగురెత్తుకొని వంక దాటిస్తారా? వంక దాటి పోయేది ఎవురు మే? ఆ దావన పోయినోడు ఎవుడన్నా తిరిగొచ్చినాడా?" అంది. నిజమే, మా వీధి శవాలన్నీ ఆ దారినే పోతాయి. సారు ఇంటిని దాటితే శ్మశానం. అయినా నేను వదల్లేదు. ఒక పొద్దున నాయనతో కలిసి తాతను మెల్లగా లేవదీయబోయాను. తాత ఎడమచేత్తో మగ్గం గుంజను పట్టుకున్నాడు. ఒక్క చేతిలో అంత పట్టు ఎక్కడిదో, మా ఇద్దరి వల్లా విడిపించడం కాలేదు. భయంతో కళ్లు ఇంతింత చేసి నన్ను చూశాడు. అవ్వ తలుపు పక్కన నిలబడి, "సాలించండి మే" అంది. చాలించాం.

మనిషి నెట్ దగ్గరకు పోలేకపోతే నెట్‌నే మనిషి దగ్గరకు తేవాలి. కాలేజీ పక్కన నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే, వంటపాత్రలతో, జల్లెళ్లతో వైఫైని దూరం నుంచి పట్టినవాళ్ల బొమ్మలు కనిపించాయి. గుంటగా ఉన్న లోహపు పాత్ర కావాలి. దాని మీద పడిన సిగ్నలంతా ఒకచోట చేరుతుంది. ఆ చేరే చోట వైఫై పట్టే చిన్న పరికరం ఒకటి కట్టాలి. అది కడపలో దొరికింది, చిటికెన వేలంత ఉంటుంది. దానికి ఒక పొడుగు వైరు తగిలించి ల్యాప్‌టాప్‌కు కలపాలి. ఇదంతా నాయనకు చెప్పాను. నాయన విన్నాడు. లేచి పోయి గంజి బేసిను తెచ్చి నా ముందు పెట్టాడు. తాత మంచాన పడినప్పటి నుంచి అందులో గంజి కలిపింది లేదు.

ఆ రెండు మూడు రోజులు ఆ ఇంట్లో చాలాకాలానికి నవ్వులు వినిపించాయి. నాయన బేసినును చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమాడు. సిగ్నల్ చేరే చోటు ఏదో కనుక్కోవడానికి నేను కాగితం మీద లెక్కలు వేస్తుంటే ఆయన దాన్ని మిద్దె మీద ఎండకు పెట్టి, నూలు పోగుల ఉండను పుల్లకు గుచ్చి దాని ముందు అటూ ఇటూ జరిపాడు. జానెడు ఎత్తున ఒకచోట నూలు పొగలు కక్కింది. "ఎండ ఈడ కూడితే అదీ ఈడే కూడతాది గదా పాపా?" అన్నాడు. నా లెక్క కూడా అటూ ఇటుగా అంతే వచ్చింది. ఇద్దరం కలిసి నడుమ బొక్క పొడిచి బోల్టుతో వెదురు బద్ద బిగించాం. దాని కొసన ఆ పరికరాన్ని నేతగాళ్ల ముడితో కట్టాం. వైరును మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షిలోంచి సరిగ్గా తాత మంచం పక్కకు దించాం. కింద అవ్వ, "మామకు మందు తెమ్మంటే అల్లుడు మిద్దెకు నిప్పంటిస్తాండాడు" అని వీధి వాళ్లకు చెబుతోంది.

బేసినును సారు ఇంటి వైపు తిప్పే పని మరీ తమాషా. వంక అవతల ఆయన తన మిద్దె ఎక్కి ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు. తాత పక్కన కూర్చుని తెర మీద సిగ్నల్ గీతలు చూసేది నేను. పైన బేసిను తిప్పేది నాయన. నా మాట పైకి చేర్చేది వాకిట్లో నిలబడిన అవ్వ. నేను "కొంచెం ఎడమకు" అంటే ఆమె "ఎడమకంట అబ్బీ, సేతకాదా నీకు" అని కలిపి అరిచేది. ఒక గీత వచ్చింది. పోయింది. రెండు వచ్చాయి. ఇంకాస్త తిప్పితే మూడు. నేను కేక పెట్టాను. నాయన దిగివచ్చి తెరను చూసి టీ తాగడానికి పోయాడు. ఆయన సంతోషపడితే అంతే, ఇంట్లో ఉండేవాడు కాదు.

మొదటి శుక్రవారం అమ్మ కనిపించింది. ముందు ఎవరిదో ఇంటి పైకప్పు, ఆ తర్వాత నుదురు, ఆ తర్వాత మొహం. నల్లటి గుడ్డ తలకు చుట్టుకుని ఉంది. చిక్కిపోయింది. "పాపా, కనపడ్తాండానా?" అన్న మాట ముక్కలు ముక్కలుగా వినిపించింది. నేను తెరను తాత వైపు తిప్పాను. తాత చూశాడు. ఎడమచెయ్యి లేపి తెర అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు, పడుగు దారాన్ని నలిపినట్టు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. మిద్దె మీద బేసిను కదిలిన చప్పుడు అయింది. అమ్మ బొమ్మ కదలకుండా నిలిచిపోయింది, ఆ తర్వాత అదీ పోయింది. మా పక్క బొమ్మ ఆమెకు చేరనేలేదట. తండ్రి కూతుర్ని చూశాడు, కూతురు తండ్రిని చూడలేదు. ఫోనులో అడిగింది, "నన్ను గుర్తు పట్టినాడా పాపా?" అని. పట్టాడమ్మా అన్నాను. "సాల్లే, వచ్చే వారం నేను సూస్తా" అంది.

ఆ వారమంతా నాయన బేసినుకు చుట్టూ రాళ్లు పేర్చి, మట్టితో మెత్తి, గాలికి కాదు కదా ఎద్దు కుమ్మినా కదలకుండా చేశాడు. శుక్రవారం ఉదయం చూస్తే నాలుగు గీతలు. సారుతో ఒకసారి వీడియో మాట్లాడి చూశాం, అద్దంలో చూసినట్టు కనిపించాడు. అవ్వ తాతకు గడ్డం గీయించింది, నేను విబూది పెట్టాను, ఉతికిన పంచె కట్టాం. తలకింద దిండు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. తాత గవాక్షి వైపు చూస్తూ ఉన్నాడు, కూతురు ఆ వైరులోంచి దిగివస్తుందన్నట్టు.

అమ్మ పిలిచే వేళకు చూస్తే ఒక్క గీత లేదు.

నేను పైకి పరిగెత్తాను, బేసిను ఉన్నచోటే ఉంది. కిందికి వచ్చి వైరు పీకి పెట్టాను, మూసి తెరిచాను. నాయన పైకెక్కి మట్టి పెళ్లగించి ఎడమకూ కుడికీ తిప్పాడు. సారు ఫోను చేసి, "మా ఇంట్లో బాగానే ఉందమ్మా, మీ పక్కనే ఏదో అయింది" అన్నాడు. ఆ ఎండలో మిద్దె మీది మట్టి కాళ్లు కాలుస్తుంటే నాయన చెప్పులు కూడా లేకుండా ఆ బేసిను చుట్టూ తిరిగాడు. నేను పైకీ కిందికీ తిరిగి తిరిగి, చివరికి తాత కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాను. ఏం చేయాలో తెలియడం లేదు. ఎవర్ని అడగాలో తెలియడం లేదు. అక్కడ అమ్మ ఫోను మీద ఫోను చేస్తోంది, "పెట్టినారా? పెట్టినారా పాపా?" అని. పెట్టామమ్మా, రావడం లేదు. "ఉండు, ఇంకా పొద్దుండాది, సూడు" అంటుంది. కాసేపటికి, "మేడమ్మ వాళ్లు వస్తాండారు. ఇంక పెట్టేస్తా. నాయనను పడుకోబెట్టండి, నడుము నొప్పి పెడతాది" అంది. తాత ఆ దిండుకు ఆనుకుని ఆ నల్లటి తెరను చూస్తూనే ఉన్నాడు. దుప్పటి అంచును నలుపుతూనే ఉన్నాడు.

అంతా అయిపోయాక నాయన ఆ పరికరాన్ని విప్పుదామని కూర్చున్నాడు. నేను తెర మూయబోతుంటే ఒక్కసారిగా గీతలన్నీ లేచాయి. "నాయనా! ఏం చేసినావ్?" అని అరిచాను. గవాక్షిలోంచి ఆయన గొంతు వినిపించింది. "ఏం చేయల్యా పాపా. దానికి తొడిగిన సంచి తీసినా."

సంచి అవ్వది. ఎక్కినప్పుడల్లా మా ఇద్దరికీ కనిపించింది, ఎండకు కట్టిన ఒట్టి గుడ్డే కదా అని పట్టించుకోలేదు. పొద్దున మేం సారుతో మాట్లాడి చూశాక, పూజ ముగించి మెల్లగా మిద్దె ఎక్కి తొడిగి వచ్చింది. అంత చిన్న వస్తువు, అంత ఎండ, కాకులు పొడుస్తాయి, పైగా వీధి వీధంతా దాన్నే చూస్తోంది, దిష్టి. ఏ పాత గుడ్డో కట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. మంచిదానికి మంచి గుడ్డ కట్టాలి కదా. పెట్టె అడుగున దాచుకున్న జరీ అంచు ముక్క తీసింది. తాత తన వయసులో నేసినది, అసలు జరీ, చేతికి బరువుగా తగిలేది. దాన్ని మడతలు పెట్టి సంచిగా కుట్టింది. జరీ అంటే దారం చుట్టూ చుట్టిన సన్నటి లోహపు తీగ. లోహపు గూట్లో పెట్టి మూస్తే సిగ్నల్ ఎట్లా వస్తుంది? మాలాంటి ఇంట్లో తప్ప ఇంకే ఇంట్లోనూ ఈ పొరపాటు జరగదు. నాయన ఆ సంచిని చేతిలో పట్టుకుని దిగివచ్చాడు. వాకిట్లో అవ్వ, "ఏం తెగులు పట్టిందంట అబ్బీ దానికి?" అని అడిగింది. నాయన ఆ సంచిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎండకు ఏడెక్కింది అత్తా. ఇంక దాన్ని ఊరికే వదిలేద్దాం, గాలి తగలనీ" అన్నాడు. నా వైపు చూశాడు. నేను లోపలికి పోయి తెర మూశాను. అవ్వ బతికినంత కాలం మా ఇద్దరిలో ఎవరమూ ఆ సంచి సంగతి ఎత్తలేదు.

"వచ్చే శుక్రవారం తప్పకుండా అమ్మా, కారణం తెలిసింది, ఇంక ఆగదు" అని ఫోనులో చెప్పాను. నాకు ఏ అనుమానమూ లేదు. బుధవారం తెల్లవారి అవ్వ సంగటి ముద్ద తినిపించబోతే తాత నోరు తెరవలేదు.

అమ్మకు చెప్పాం. ఫోనులో ఆమె ఏడుపు వినడం తప్ప ఏం చేయగలం? మేడమ్మ కూతురు కాలేజీకి పోయిందట, కంప్యూటర్ ఆ పిల్ల గదిలో తాళంలో ఉంది, ఆమె వచ్చేదాకా ఆగమంది అమ్మ. ఆగుదామన్నాడు నాయన. తాత తమ్ముడు ఓబన్న తాత వీధికి పెద్ద. "ఈ ఎండలో శవాన్ని ఎంతసేపు పెట్టుకుంటావప్పా? కువైట్లో ఉండే ఆయమ్మ ఎప్పుడొచ్చేది, ఎప్పుడు పెట్టేది" అన్నాడు. నాయన ఇల్లటపు అల్లుడు, ఏం మాట్లాడతాడు. మధ్యాహ్నం దాటాక తాతను ఎత్తారు. నాయన నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ఆడవాళ్లం శ్మశానానికి పోకూడదు కాబట్టి వాకిట్లోనే నిలబడిపోయాం. డప్పుల చప్పుడు సందు మలుపు తిరిగింది. ఇల్లు కడగడానికి నేను బిందె ఎత్తాను.

అప్పుడు మోగింది ఫోను. "పాపా, కంప్యూటర్ ముందర కూసోనుండా. యాడ నాయన? సూపించు."

బిందె కింద పెట్టి అవ్వ వైపు చూశాను. "ఎనక్కి తెమ్మందామా అవ్వా?" అన్నాను. పిచ్చి మాట. గడప దాటిన శవాన్ని ఎవరూ వెనక్కి తీసుకురారు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా చేతిలో ఫోనులోంచి కూతురి గొంతు వింటోంది. "ఎనక్కి రాడు" అంది. "నువ్వు పో మే. ఉరుకు."

ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని పరిగెత్తాను. ఆడవాళ్లు ఎవరో వెనక నుంచి అరిచారు. వంకలో ఇసుక, ఇసుకలో రాళ్లు, చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. వంక అవతలి గట్టెక్కేసరికి సారు ఇంటి ప్రహరీ పక్కన పాడె దించి ఉంది. శ్మశానానికి ముందు అక్కడ దింపడం మా వీధి ఆచారం. దింపుడు కళ్లం అంటారు. దించి, చెవి దగ్గర నోరు పెట్టి, అయినవాళ్లు పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ఒకవేళ ప్రాణం ఎక్కడన్నా దాగి ఉంటే పలుకుతుందని. నాయన అప్పుడే వంగుతున్నాడు.

"ఆడపిల్ల ఈడికి యాడికొస్తాంది? పో ఎనక్కి" అని ఓబన్న తాత కర్ర అడ్డం పెట్టాడు. నాయన లేచి నిలబడ్డాడు. ఆ మనిషి గొంతు అంత గట్టిగా నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. "నేను అల్లున్ని. బిడ్డ పిలవాల. బిడ్డ ఆ పెట్టెలో ఉండాది. జరుగప్పా."

కర్ర జరిగింది. సారు ప్రహరీ లోపల నిలబడి ఉన్నాడు. నేను మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని తెర తెరిచి తాత మొహానికి ఎదురుగా పెట్టాను. సారు ఇంటి వైఫై గోడ అవతలే ఉంది, ఏ బేసినూ, ఏ వైరూ అక్కర్లేకుండా అమ్మ వెంటనే వచ్చేసింది, పక్కన కూర్చున్నంత స్పష్టంగా. తాతను చూసింది. గీసిన గడ్డం, నుదుటి మీద రూపాయి బిళ్ల, ముక్కులో దూది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "సెవి కాడ పెట్టు పాపా" అంది. పెట్టాను.

"నాయనా" అని పిలిచింది. డప్పులవాళ్లు చేతులు ఆపేశారు. "నాయనా." ఓబన్న తాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మూడోసారి తాత అరిచినట్టే అరిచింది, దూరం కాబట్టి గట్టిగా అరవాలన్నట్టు, "నాయనా!" అని.

అందరం తాత మొహం వంక చూశాం. ఎందుకు చూశామో, ఏం పలుకుతుందనుకున్నామో. మెల్లగా నాయన పాడె కొమ్ము మీద చెయ్యి వేశాడు. "అయిపాయ పాపా, ముయ్యి దాన్ని" అన్నాడు ఓబన్న తాత.

"ఉండు పాపా, ముయ్యద్దు" అంది అమ్మ. "పలికినాడా? నాకీడ ఏమీ ఇనపల్యా. సిగ్నల్ సరిగ్గ ల్యాదేమో సూడు. ఇంకొకసారి పిలుస్తా."

తెర మూల చూశాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి.